రెండు కేసుల కుర్చీ

జగన్నాథ్ వకీలు మాట తప్పాడు. రెండు కేసులు తెమ్మన్నాడు. బసవరాజ్ రెండు కేసులు తెచ్చాడు. తెచ్చాక తప్పంతా తెచ్చినవాడిదే అన్నాడు. ఇందులో రెండో మాటకు చోటు లేదు. ఉందనేవాళ్లు ఊళ్లో ఉన్నారు, నారాయణఖేడ్ కోర్టు ముందరి చాయ్ హోటల్లో ఉన్నారు, బసవరాజ్ సొంత ఇంట్లోనూ ఒకరు ఉన్నారు. వాళ్లకు నవ్వడం తప్ప ఇంకేమీ చేతకాదు.

ఆడపిల్లను వకీలు చదివించాలన్న ఆలోచన బసవరాజ్‌ది కాదు. అతని భార్య ఇంద్రమ్మది. బీదర్‌లో ఉన్న తన తమ్ముడి ఇంట్లో పిల్లను ఉంచి, ఒక్కగానొక్క బిడ్డ నల్లకోటు వేసుకోవాలని పోరి పోరి చదివించింది. ఆఖరి పరీక్షలు రాకముందే ఇంద్రమ్మ జ్వరంతో పోయింది. పనిని సగంలో వదిలి పోయినందుకు బసవరాజ్ ఆమెను ఇంతవరకూ క్షమించలేదు. ఆ మిగిలిన సగం అతని నెత్తిన పడింది.

రెండు వేల ఏడు వానాకాలంలో కూతురు రశ్మి హైదరాబాద్ వెళ్లి, వకీలుగా నిలబడడానికి కావలసిన సనదు తెచ్చుకుంది. అక్కడే ఏదైనా పెద్ద వకీలు దగ్గర చేరమని బసవరాజ్ అన్నాడు. ఆమె వినలేదు. కర్ణాటక సరిహద్దున నాగల్‌గిద్ద దిక్కు నుంచి నారాయణఖేడ్ కోర్టుకు వచ్చేవాళ్లలో సగంమందికి కన్నడ తప్ప నోరు తిరగదని, వాళ్ల మాట వినే వకీలు ఒక్కరూ లేరని, అక్కడే చేరతానని పట్టుబట్టింది. మాటకు మాట చెప్పడం తల్లి దగ్గర నేర్చుకుంది. బసవరాజ్ తన కిరాణా దుకాణం మూసి, ఆమె వెంట బస్సెక్కాడు. పిల్లకు పని అడగడం తండ్రి పని. పిల్ల తన పని తానే అడుక్కుంటే ఊళ్లో ఏమనుకుంటారు?

మొదటి వకీలు దగ్గర అప్పటికే ఇద్దరు జూనియర్లు ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు. మూడోవాళ్లు కూర్చోవాలంటే ఒకరు లేవాలి. రెండో ఆయన పెళ్లెప్పుడని అడిగాడు. ఇంకా అనుకోలేదంటే, అయ్యాక రమ్మన్నాడు. అయ్యాక రానిస్తారా అని రశ్మి అడిగితే, రానియ్యరు గద, అందుకే అన్నానని సమాధానం చెప్పాడు. మూడో ఆయన సత్తార్ సాబ్, ఆ కోర్టులో అందరికన్నా పాత వకీలు. ఇద్దరికీ చాయ్ తెప్పించాడు. నేనే పని తగ్గించుకుంటున్న బేటీ, పని ఇయ్యకుండ కూసోబెట్టుకుంటే నీకు అన్యాయం అయితది అన్నాడు. మిగతావాళ్లకన్నా ఈయన మీదే బసవరాజ్‌కు ఎక్కువ కోపం వచ్చింది. లేదని చెప్పడానికి అంత మర్యాద దేనికి? పైగా చాయ్ తాగించి.

నాలుగో మనిషి జగన్నాథ్ వకీలు. ఎరువుల దుకాణం మీద మేడ గదిలో ఆఫీసు. ఆయన తల ఎత్తకుండానే ఏ ఊరని అడిగాడు. నాగల్‌గిద్ద అవతల అని బసవరాజ్ చెప్పాడు. ఆ దిక్కు కేసు ఒక్కటైనా మన దగ్గర ఉందా అని వకీలు తన గుమాస్తా ఎల్లప్పను అడిగాడు. ఎల్లప్ప లేదన్నాడు.

అప్పుడు జగన్నాథ్ తల ఎత్తాడు.

"చూసినవా పెద్దమనిషీ. జూనియర్ అంటే వెంబడి ఊరు రావాలె. ఉత్త కోటు వస్తే నేనేం జేసుకోను? రెండు కేసులు పట్టుకరా. నీ బిడ్డకు కుర్చీ ఏపిస్త."

ఎల్లప్ప నవ్వాడు. మెట్లు దిగుతూ రశ్మి, అది పొమ్మనడమే అప్పా, వకీళ్లు అట్లనే చెప్తరు అంది. బసవరాజ్ ఒప్పుకోలేదు. గుమాస్తా ముందర అన్న మాట మాటే. ఇరవై ఏళ్లుగా అతని దుకాణం అరుగు మీద ఊరి తగవులన్నీ తెగుతున్నాయి. ఎవరు ఊరికే అంటారో, ఎవరు నిజంగా అంటారో అతనికి తెలియదా?

అక్కడే కష్టం వచ్చి పడింది. తగవులు తెంపడం తెలిసినవాడికి తగవు దొరకడం ఎంత కష్టమో బసవరాజ్‌కు అప్పుడే తెలిసింది. మామూలుగా దుకాణం తెరవకముందే ఎవరో ఒకరు గట్టు జరిపారనో, మేక మేసిందనో అరుగు మీద కూర్చుని ఉండేవారు. కోర్టుకు పోతే ఇద్దరూ మునుగుతారు, ఇక్కడే తెంపుకోండి అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. ఇప్పుడు ఆ ఊరంతా ఒక్కసారిగా మంచిదైపోయింది. వారం రోజులు ఉప్పు, బెల్లం కొనేవాళ్లు తప్ప ఇంకో మనిషి రాలేదు.

ఆఖరికి తనే అడగడం మొదలుపెట్టాడు. పెంటకుప్ప దగ్గర పక్కింటివాళ్లతో తోమాకు గొడవ ఉండేది. దాని సంగతేమైందని తోమాను ఆపి అడిగాడు.

"గది మీరే తెంపిండ్రు గద సావుకారీ, పోయిన యాడాది."

తెంపింది సరిగా తెగిందో లేదో చూడాలి కదా అన్నాడు బసవరాజ్. తోమా అతన్ని ఎగాదిగా చూసి, పానం బాగున్నదా, దవాఖానకు పోదమా అని అడిగి వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది ఒక్కటే తగవు, అతను ఎన్నడూ తెంపలేకపోయినది. శివగంగ, సంగమ్మ తోడికోడళ్లు. ఇద్దరూ ముసలివాళ్లు, ఇద్దరి మొగుళ్లూ పోయారు. శివగంగ కంది చేనుకు బండి పోవాలంటే సంగమ్మ చేను ఒడ్డునుంచే బాట. ఏదో పెళ్లిలో ఎవరినో ముందు వడ్డనకు పిలిచారని ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆ మాట మీద సంగమ్మ బాటకు అడ్డంగా ముళ్లకంప వేసింది. అప్పటినుంచి శివగంగ పంటను నెత్తిన మోయిస్తోంది. ఇద్దరికీ మాటల్లేవు. బసవరాజ్ రెండుసార్లు కూర్చోబెట్టాడు. రెండుసార్లూ ఇద్దరూ ఒకరికొకరు వీపు తిప్పి కూర్చున్నారు.

అతను శివగంగ ఇంటికి వెళ్లాడు. కోర్టులో వేస్తే కంప తీసి తీరాలని, తన బిడ్డ కూర్చునే ఆఫీసే కనుక పని జల్దీ అవుతుందని చెప్పాడు. ఇన్నేళ్లు కోర్టుకు పోవద్దన్నది నువ్వే గద అని ఆమె అడిగింది. అప్పుడు మన పిల్ల వకీలు కాలేదు గద అన్నాడు. ఆమెకు ఆ మాట నచ్చింది. ముందు వకీలు నోటీసు పోతుందని, తర్వాత దావా అని రశ్మి కన్నడలో విడమరచి చెప్పింది. కేసును వకీలుకు అప్పగించే వకాలత్ కాగితం మీద శివగంగ వేలిముద్ర వేసింది.

జగన్నాథ్ వకీలు మొదట ఆశ్చర్యపోయాడు. తర్వాత, సరే, కూర్చోమన్నాడు. కిటికీ పక్కన ఇనుప కుర్చీ ఒకటి వేశారు. రశ్మి టౌన్‌లో ఒక గది తీసుకుని ఆఫీసుకు పోవడం మొదలుపెట్టింది. పొద్దున ఫైళ్లు మోయడం, కోర్టులో వాయిదాలు అడగడం, సాయంత్రం సార్ చెప్పింది రాయడం. జీతం లేదు. మొదటి సంవత్సరం ఎవరికీ ఉండదని అందరూ చెప్పారు. బసవరాజ్‌కు ఆ సంగతి రుచించలేదు, కానీ కుర్చీ అయితే వచ్చింది. ఇంకో కేసు బాకీ ఉంది. అది తేకపోతే కుర్చీ ఎప్పుడైనా లేచిపోతుందని అతనికి ఒకటే గుబులు.

ఆ రెండో కేసు తనంతట తానే దుకాణానికి నడిచి వచ్చింది.

సంగమ్మకు చదువు రాదు. పోస్టులో వచ్చిన కాగితం పట్టుకుని, ఎప్పటిలాగే చదివించుకోవడానికి బసవరాజ్ దగ్గరికి వచ్చింది. అది జగన్నాథ్ వకీలు పంపిన నోటీసు. బసవరాజ్ మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఎక్కడా తడబడలేదు. కంప తియ్యకపోతే కోర్టుకు ఈడుస్తామని ఉందని చెప్పాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నాకెవరున్నరు తమ్మీ, నేను ఏ కోర్టు చూసిన అంది.

భయపడొద్దు, నాకు తెలిసిన వకీలు ఉన్నాడన్నాడు బసవరాజ్.

ఇందులో మోసమేముంది? అతని అరుగు మీదికి రెండు పక్షాలవాళ్లూ వచ్చేవారు. ఒకే మనిషి ఇద్దరి మాటా వినేవాడు. వింటేనే కదా తెగేది. ఒక పక్షం మాటే విని తగవు తెంపే పెద్దమనిషిని ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఒక వకీలుకు సగం తెలిసి, ఇంకో వకీలుకు ఇంకో సగం తెలిస్తే, ఆ తగవు ఎప్పటికి తెగుతుంది? పైగా ఇద్దరూ వేరువేరు మనుషులు, వేరువేరు వేలిముద్రలు. రెండు ఫైళ్లు. లెక్క సరిపోయింది.

సంగమ్మను తీసుకుని అతను ఆఫీసుకు వెళ్లేసరికి వకీలూ రశ్మీ కోర్టులో ఉన్నారు. ఎల్లప్ప కొత్త పార్టీ వచ్చిందని కాగితం తీశాడు. వాళ్ల దిక్కు పేర్లన్నీ అతనికి ఒకలాగే వినిపిస్తాయి, పైగా శివగంగ నోటీసు రాసింది రశ్మి. ఏ ఊరు, ఏ సర్వే నంబరు అని చూడకుండా, ముందు నడిచిన కథ చెప్పమన్నాడు. ఆమె కన్నడంలో చెప్పింది, బసవరాజ్ తెలుగులో అందించాడు. మనసులో ఉన్నదంతా కక్కింది. అసలు ఆ బాట మామ బతికి ఉన్నప్పుడే ఇద్దరు కొడుకులకూ ఉమ్మడిగా విడిచాడని, ఆ రోజు తానూ అక్కడే ఉండి ఒప్పుకుందని, కంప కోపంతోనే వేశానని కూడా చెప్పింది. వకీలు దగ్గర దాచగూడదని దారిపొడుగునా ఆమెకు చెప్పింది బసవరాజే. ఎల్లప్ప అంతా రాసి, వకాలత్ మీద వేలిముద్ర వేయించాడు.

మధ్యాహ్నం వకీలు మెట్లెక్కి వచ్చాడు, వెనక ఫైళ్లతో రశ్మి. ఎల్లప్ప తాను రాసింది చదివి వినిపించాడు. సగంలో జగన్నాథ్ చెయ్యి అడ్డం పెట్టాడు. సరిగ్గా అప్పుడే దావా కాగితాల మీద వేలిముద్ర వేయడానికి రమ్మన్న శివగంగ ఆయాసపడుతూ పైకి వచ్చింది. తోడికోడలిని చూసి గడపలోనే నిలబడిపోయింది. గదిలో ఉన్నది ఒకటే బెంచీ. కాసేపటికి కాళ్లు ఆగక ఆమె ఆ బెంచీ చివర కూర్చుంది. అలవాటు ప్రకారం ఇద్దరూ వీపులు తిప్పుకున్నారు.

జగన్నాథ్ వకీలు బసవరాజ్ దిక్కు తిరిగాడు.

"రెండు కేసులు తెమ్మంటే, ఒక్క కేసును నడిమిట్లకు ఇరిసి రెండు ముక్కలు తెచ్చినవా?"

రెండు వేలిముద్రలు ఉన్నాయి కదా అన్నాడు బసవరాజ్. ఎల్లప్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వకీలు కొంతసేపు తిట్టాడు. రెండు పక్షాల తరఫునా ఒకే వకీలు నిలబడితే సనదు ఊడుతుందని, ఆ సంగతి కోర్టు ముందర చాయ్ అమ్మేవాడికి కూడా తెలుసునని అన్నాడు. అలా తిడుతూ తిడుతూనే ఎల్లప్ప రాసిన కాగితం చేతిలోకి తీసుకుని, బాట ఉమ్మడిదని సంగమ్మ ఒప్పుకున్న చోటు ఇంకోసారి చదివాడు. మొహంలో చిరాకు తగ్గింది. సంగమ్మ వకాలత్ చింపి బుట్టలో వేయమన్నాడు. ఆమెను వేరే వకీలు దగ్గరికి పొమ్మని చెప్పమన్నాడు. శివగంగ దావా రేపే పడుతుందన్నాడు. ఎల్లప్ప రాసిన కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బసవరాజ్‌కు ఊపిరి వచ్చింది. ఒక కేసు నిలిచింది. కుర్చీ నిలిచింది. ఇంకొకటి ఎక్కడైనా వెతుక్కోవచ్చు.

అప్పుడు రశ్మి నోరు తెరిచింది.

"సార్, ఆమె మాట మనం విన్నం. ఇగ ఈమె తరఫున గూడ నిలబడరాదు."

"ఎవరు విన్నరు? ఎల్లప్ప విన్నడు. ఎల్లప్పకు సనదు లేదు."

"మీకు చదివి వినిపించిండు గద సార్. ఇద్దరివీ వాపస్ చెయ్యాలె."

చేరి ఇంకా నెల నిండని జూనియర్, గుమాస్తా ముందర, పార్టీల ముందర అన్న మాట అది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని బసవరాజ్‌కు తర్వాత అనిపించింది. కోపంలో అన్న మాటను కోపం కింద తోసెయ్యవచ్చు. అతను తలుపు దగ్గరినుంచి చేత్తో సైగ చేశాడు. ఊరుకోమని కళ్లతో బతిమాలాడు. ఆమె చూసింది. చూసి కూడా ఊరుకోలేదు.

జగన్నాథ్ వకీలు మెల్లగా, ఆ కుర్చీ నా మాట వినేవాళ్లకోసం వేసింది అమ్మా అన్నాడు.

రశ్మి కుర్చీ వెనక వేలాడుతున్న కోటు తీసుకుంది. బెంచీ దగ్గర ఆగి, ముసలివాళ్లిద్దరికీ కన్నడంలో నాలుగు మాటలు చెప్పింది. అవ్వా, మీ ఇద్దరి మాటా ఈ ఆఫీసువాళ్లకు తెలిసిపోయింది, ఇక్కడ ఎవరూ వేలిముద్ర వెయ్యకండి, కోర్టుకే పోవాలనుకుంటే చెరొక కొత్త వకీలును చూసుకోండి అంది. శివగంగ వెయ్యనని చేతులు కొంగులో దాచుకుంది. రశ్మి మెట్లు దిగింది. వకీలు బసవరాజ్‌ను చూసి, నీ రెండు కేసులు, నీ బిడ్డ, అన్నీ తీస్కపో పెద్దమనిషీ అన్నాడు.

కింద ఎరువుల దుకాణం ముందర బసవరాజ్ కూతుర్ని పట్టుకున్నాడు.

"నీకేం బోయింది? ఊకుంటే ఏం బోయింది నీది?"

"సంగమ్మవ్వది పోతుండె."

"సంగమ్మ నీకు తల్లా?"

"కాదు. నిన్ను నమ్మి వచ్చింది గద అప్పా."

దానికి అతను గట్టిగానే చెప్పేవాడు. కానీ నడిరోడ్డు మీద ఎరువుల కొట్టు హమాలీలు చూస్తున్నారు. ఆమె తన గదికి వెళ్లిపోయింది.

తిరిగి ఊరికి పోవడానికి దొరికింది ఒక్కటే ఆటో. బసవరాజ్ ముందు డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాడు. వెనక తోడికోడళ్లు, మధ్యలో ఎవరివో పిండి సంచులు. టౌన్ దాటేవరకు ఇంజను చప్పుడే. తర్వాత సంగమ్మ గొంతు వినబడింది. ఆ పెళ్లి గొడవ నాటి నుంచి ఆమె శివగంగతో మాట్లాడిన మొదటి మాట అది.

"నిన్ను గూడ ఈయనేనా తోల్కొచ్చింది?"

శివగంగ అవునంది. ఇంటికొచ్చి మరీ చెప్పిండు, నేను అడుగలేదు అంది. నా దగ్గర నోటీసు సదివిండు, కండ్లనీళ్లు దుడుచుకొమ్మన్నడు అంది సంగమ్మ. ఆయనే ఏపిచ్చిన నోటీసు, ఆయనే సదివిండా అని శివగంగ అడిగింది. డ్రైవర్ పక్కకు తిరిగి బసవరాజ్ మొహం చూశాడు. బసవరాజ్ రోడ్డు చూశాడు. ఇక అక్కడినుంచి ఊరు వచ్చేదాకా ఇద్దరూ ఆగలేదు. అతని అరుగు, అతని పెద్దరికం, అతని తూకం రాళ్లు, అన్నీ వచ్చాయి. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. ఇంద్రమ్మ ఉంటే నిన్ను ఇంట్లకు రానియ్యకపోవు అని సంగమ్మ అంది. ఆ ఒక్క మాటకు అతను వెనక్కి తిరగబోయి, తిరగలేదు.

ఆ వారంలోనే సంగమ్మ కంపను బండి పట్టేంత పక్కకు జరిపించింది. ఇద్దరూ ప్రాణస్నేహితులేమీ కాలేదు. కానీ ఉప్పు, పప్పు ఇద్దరూ వేరే దుకాణంలో కొనడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి ఇంకా కొందరు. తగవులతో అరుగు మీదికి వచ్చేవాళ్లు తగ్గారు. తర్వాత రావడమే మానేశారు. తోమా ఒకరోజు బీడీ కట్టకోసం వచ్చి, సావుకారీ, నా పెంటకుప్ప తగవు ఇంక గావాల్నా అని అడిగాడు. బసవరాజ్ బీడీలు లేవని చెప్పాడు. కట్టలు వెనక అరలో కనబడుతూనే ఉన్నాయి.

నారాయణఖేడ్‌లో కథ కోర్టంతా తిరిగింది. ఒకే కేసులో రెండు పక్షాలనూ ఒకే వకీలు దగ్గరికి తెచ్చిన పెద్దమనిషి కథ. చాయ్ హోటల్లో వకీళ్లు చెప్పుకున్నారు, బంట్రోతులు చెప్పుకున్నారు. చెప్పుకునేటప్పుడు జూనియర్ పిల్ల అన్న మాట కూడా చెప్పక తప్పేది కాదు. అలా అది సత్తార్ సాబ్ చెవిన పడింది.

పున్నమి ముందు ఆదివారం రశ్మి ఊరికి వచ్చింది. అన్నం తింటూ చెప్పింది. సత్తార్ సాబ్ మనిషిని పంపి పిలిపించాడట. పని తగ్గించుకుందామనుకున్నాను, కానీ నా తర్వాత ఈ ఫైళ్లు ఎవరి చేతిలో పెట్టాలో తెలియక తగ్గించుకోలేకపోయాను బేటీ అన్నాడట. సోమవారం నుంచి రమ్మన్నాడు. సరిహద్దు ఊళ్ల పార్టీలన్నీ ఆమే మాట్లాడాలి. కొద్దిగా చేతిఖర్చు కూడా ఇస్తాడట.

బసవరాజ్ గ్లాసులో నీళ్లు పోసుకున్నాడు. తాగాడు. అతనికి ఒక్కసారిగా అంతా తేటగా కనబడింది. తాను శివగంగను తెచ్చాడు. సంగమ్మను తెచ్చాడు. వాళ్లిద్దరూ ఆ బెంచీ మీద కూర్చోకపోతే ఈ పిల్ల ఆ మాట అనేదా? అనకపోతే సత్తార్ వకీలు చెవిన పడేదా? ఇన్ని గడపలు తొక్కింది ఎవరు? అదే చెప్పాడు. ఈ పని దొరికింది నా వల్లనే అన్నాడు.

రశ్మి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి అతన్ని చూసింది. నవ్వదేమో అనుకున్నాడు. నవ్వింది. పొలమారేదాకా నవ్వింది.

"సత్తార్ సార్ ఒక్కటే మాట చెప్పిండు అప్పా. మీ నాయనను మాత్రం ఎన్నడు మన ఆఫీసుకు పార్టీలను తేవద్దని చెప్పు, అన్నడు."

అతను పళ్లెంలో చెయ్యి కడిగాడు. అన్నం ఇంకా సగం ఉంది.

"నేను రాను. ఇంకొకటి విను. ఈ ముచ్చట ఇగ నా ముంగట ఎత్తొద్దు. నువ్వు ఎత్తొద్దు, బీదర్ల మీ మామ ఎత్తొద్దు, ఎవ్వరు ఎత్తొద్దు. అడిగితే నేను చెప్ప."

ఆమె ఏదో అనబోయింది. అతను లేచి దుకాణంలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. రశ్మి ఇప్పుడు అదే కోర్టులో పేరున్న వకీలు. మొదట ఎక్కడ చేరింది, ఎలా చేరింది అని ఊళ్లోకి వచ్చినవాళ్లు ఎవరైనా అడిగితే, బసవరాజ్ ఏం కావాలని అడిగి, కావలసింది తూచి ఇస్తాడు.